దొర సీసాల్లో చిల్లగింజ

బర్మాలో అంత పెద్ద ఆనకట్టని నిలబెట్టింది జర్మనీ దొర కాదు, మన గంజాం దండాసి. చేతిలో గరిటె తప్ప ఇంకో పనిముట్టు లేకుండా నిలబెట్టాడు. కాదన్నవాణ్ణి నా ముందుకి తీసుకురండి.

దొర పేరు లుట్‌గర్. తన దేశం కొండల్లో మూడు, తుర్కీలో రెండు కట్టలు కట్టాడు. ఆరోది బర్మాలో కట్టి దాని దగ్గరే ఇరుక్కుపోయాడు. మిలిటరీ వాళ్లు గద్దెనెక్కి అప్పటికి ఏడేళ్లు. కట్ట సగం నిండింది. "బాగుందని సంతకం పెట్టు, పూర్తిగా నింపుతాం. నీ పాస్‌పోర్టు నువ్వు పట్టుకుపో" అంటాడు మేజరు. దొర పెట్టడు. రంగూన్‌లో, చిమిండైంగ్ నది ఒడ్డు ఇంట్లో కూర్చోబెట్టారు. గేటు దగ్గర సిపాయి, కిటికీ బయట వాన. పెళ్లాం మొహం చూసి మూడేళ్లు. తలుపు నుంచి కిటికీకి పదకొండు అడుగులు, మళ్లీ వెనక్కి పదకొండు. వంటింట్లో చేపలు తోముతున్న వంటవాడు దండాసికి అవి నెత్తిమీద నడిచినట్టుండేవి.

వారం వారం కట్ట అడుగున ఊరిన నీళ్లు సీసాల్లో వచ్చేవి. దొర వాటిని వెలుగుకి పెట్టి చూసి, మొహం వేలాడేసేవాడు.

"ఏటయ్యా, మీ దొర బురదనీళ్లు తాగుతున్నాడేటి?" అంది దండాసి పెళ్లాం అప్పలనరసమ్మ.

"తాగడే, చూస్తాడు. తేటగా ఉంటే సంతకం పెట్టి ఇంటికెల్లిపోతాడట."

"ఓస్, అంతేనా! మీ అమ్మ గంజాం నుంచి మోసుకొచ్చిన చిల్లగింజలు దేనికున్నాయి? కుండలో అరగదీస్తే బురద అడుక్కి పోదా?"

పోయింది. దండాసి పైతేట వంచి సీసాల్లో పోశాడు. మర్నాడు దొర సీసా ఎత్తి చూశాడు. మేజరుకి కబురంపాడు. చొక్కాలన్నీ పెట్టెలో సర్దేశాడు.

"నీళ్లు తేటపడితే ఎందుకు దొరా అంత సంబరం?" అన్నాడు దండాసి, మెచ్చుకోలు కోసం.

దొర బర్మా మాటలు దండాసి వంటింట్లో నేర్చుకున్నవే. "కట్ట కింద నీరు ఊరడం తప్పు కాదు. తేటగా ఊరితే కట్ట గట్టిదే. బురదగా ఊరితే, నీరు లోపల్లోపల మట్టిని తినేస్తున్నట్టు. ఓ రోజు కూలుతుంది. కింద నలభై ఊళ్లు."

గేటు దగ్గర జీపు ఆగింది.

మొదట్లో గొప్పలు పోయాను గానీ, మనవాడు కట్టని నిలబెట్టడం మాట అటుంచండి, అది కూలడానికి సగం దారి వేసింది వాడే. దాన్ని కళ్లతో చూసిన పాపాన కూడా పోలేదు.

చెప్తే దొర ఈ గదిలోనే. చెప్పకపోతే నలభై ఊళ్లు. మేజరు కాగితం బల్లమీద పరిచాడు. దొర కలం మూత తీశాడు. దండాసి పరుగున వెళ్లి, అరిగిన చిల్లగింజ తెచ్చి ఆ కాగితం మీద పెట్టాడు.

"ఇది నేను కలిపాను దొరా. మీరు ఇంటికెల్తారని."

దొర ఆ గింజని వెలుగుకి పెట్టి చూశాడు. కలం మూత పెట్టేశాడు.

"ఇన్సేన్ జైల్లో గదులు దీనికన్నా ఇరుకు" అన్నాడు మేజరు.

"ముందు కట్ట ఖాళీ చేసి బాగుచెయ్యండి" అన్నాడు దొర.

జీపు వెళ్లాక, దొర దండాసి భుజం మీద చెయ్యేసి ఇల్లు ఎగిరిపోయేలా నవ్వాడు.

కట్ట ఖాళీ చేసి, బాగుచేసి, ఆయన్ని వదిలేసరికి ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది. ఇందులో నేను కల్పించింది ఆ నవ్వొక్కటే. దొర నవ్వలేదు. పెట్టెలోంచి చొక్కాలు ఒక్కొక్కటే తీసి, మళ్లీ కొక్కేలకి తగిలించుకున్నాడు.