నాలుగు వేల నూట పన్నెండు దాడులు

పెడన కలంకారీ సొసైటీలో కంప్యూటర్ ముందున్న కుర్చీ పదకొండేళ్లుగా గుమాస్తా జ్ఞానమ్మది. ఆ మంగళవారం దాని కిందకి నీళ్లొచ్చాయి.

తెచ్చినవాడు అనిరుధ్. విజయవాడలో సైబర్ భద్రత అమ్ముకునే కంపెనీ మనిషి. నెల కిందట ఉచితంగా చూడండంటూ ఒక సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్లి, ఇప్పుడు దాని రిపోర్టుతో కమిటీ ముందు నిలబడ్డాడు.

"నెలలో మీ మీద నాలుగు వేల నూట పన్నెండు దాడులండీ! తొంభై శాతం దాడులు ఇంటిదొంగల పనేనని మా సర్వే."

ప్రెసిడెంటు కోదండరామయ్య గుండె మీద చెయ్యేసుకున్నాడు. చూపు మాత్రం జ్ఞానమ్మ మీద వేశాడు.

"నిన్ను అనుమానించడం కాదు గానీ అమ్మా, రేపట్నుంచి గోడౌన్‌లో దుప్పట్లు చూసుకో. ఇక్కడ అనిరుధ్ గారి మనిషి కూర్చుంటాడు."

గోడౌన్ అంటే బట్టకి పట్టించే కరక్కాయ వాసన, ఎలుకలు. ఎలుకల కంటే ఆ 'అనుమానించడం కాదు గానీ' జ్ఞానమ్మని ఎక్కువ కొరికింది.

"బాబూ, సర్వేలో ఎంతమందిని అడిగారు?"

"ఇరవై మందినండీ."

"ఎవరాళ్లు?"

"మా సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లేనండీ."

"బాగుంది. పెళ్లికొడుకు మంచోడా అని వాళ్ల మేనత్తని అడిగినట్టు. సరే, దాడంటే ఏంటి?"

"తప్పు పాస్‌వర్డ్‌తో మీ వైఫైలోకి దూరబోతే ఒక దాడండీ."

"ఒక్కళ్లే వందసార్లు దూరబోతే?"

"వంద దాడులు."

కమిటీలో సగం మంది అచ్చులు కొట్టేవాళ్లే. జ్ఞానమ్మ వాళ్లలో పెద్దవాడైన వెంకటపతి వైపు తిరిగింది.

"బాబాయ్, ఒక దుప్పటికి ఎన్నిసార్లు అచ్చు దించుతావు?"

"పెద్దదైతే ఆరొందలు దాటుద్ది."

"అయితే ఆరొందల దుప్పట్లు కొట్టావని రాయనా?"

"రాయవే తల్లీ! కూలి కూడా అలాగే ఇప్పించు!"

గది గొల్లుమంది.

"ఎన్నిసార్లు కొట్టారో చెప్పావు బాబూ. కొట్టినవాళ్లు ఎంతమందో చూపించు."

అనిరుధ్‌ని ఇంతవరకూ ఏ ఊళ్లోనూ ఎవరూ ఆ మాట అడగలేదు. తడబడుతూ మీటలు నొక్కాడు. తెర మీద నాలుగు వేల నూట పన్నెండు వరసల్లోనూ ఒకటే పేరు: 'కోదండరామయ్య హాల్ టీవీ'.

ప్రెసిడెంటు ఇల్లు సొసైటీ గోడకి అవతలే. బయటివాళ్లెవరో వాడుతున్నారని కిందటి నెలే జ్ఞానమ్మ వైఫై పాస్‌వర్డ్ మార్చింది. పాపం, ఆ టీవీకి సంగతి తెలీదు. పాత పాస్‌వర్డ్ పట్టుకుని రాత్రింబవళ్లు తలుపు కొడుతూనే ఉంది.

కమిటీ మొత్తం ప్రెసిడెంటు వైపు చూసింది. ప్రెసిడెంటు ఫ్యాన్ వైపు చూశాడు.

జ్ఞానమ్మ మినిట్స్ పుస్తకం తెరిచింది. "ఏం రాయమంటారండీ?"

"దాడులేం లేవని రాసెయ్యమ్మా."

"లేకపోవడమేంటండీ, ఉంది. ఒకటే." 'దాడి చేసినవారు' అని గుండ్రంగా రాసి, పేరు దగ్గర పెన్ను ఆపి, ఆయన మొహంలోకి చూసింది.

కోదండరామయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆ కుర్చీలోంచి నువ్వు లేవకమ్మా. రిటైరయ్యేదాకా లేవకు."