నల్లమచ్చల రొయ్యలు

రొయ్యని నాను చిన్నచూపు చూడను. కుర్రతనంలో పూడిమడక దగ్గర ఒక రొయ్య మీసానికి తెప్ప కట్టేసి కునుకు తీశాను. లేచేసరికి తెప్ప భీమిలిలో ఉంది. అది నమ్మకపోతే మానెయ్యండి, ఇది మాత్రం నమ్మాలి.

మా అబ్బాయి అర్జునరావు సముద్రం మీద వేటకెళ్తాడు. నా కోడలు సూర్యకళ అచ్యుతాపురం అవతల ఉప్పుటేరు పక్కన రొయ్యల చెరువు పెట్టింది. మావాళ్ళకి ఒక అలవాటు, ఒడ్డుకొచ్చాక ఎదర ఏ నీళ్ళుంటే అందులో వల జాడించేస్తారు. అర్జునరావు తిన్నగా చెరువులో జాడించాడు. సముద్రపు రోగమంతా వలతో దిగింది. రాపిడికి రొయ్యల డొప్పలు గీసుకుపోయాయి. కొద్దిరోజులకే వాటి ఒంటినిండా నల్లమచ్చలు.

మందులకొట్టు గుణశేఖర్ డబ్బాలేసుకుని దిగిపోయాడు.

"ఈ మందు పోసీ అమ్మా. నేదంటే పంటంతా పోతాది."

"మందు ఆనవాలు దొరికితే రొయ్యలు కొనే కంపెనీవోళ్ళు సరుకంతా తిప్పికొడతారు. అప్పుడు నువ్వు తింతావేటి?" అంది సూర్యకళ.

"బతికుంటే కదా అమ్మేది! ఆ నలుపు సూడు, కుళ్ళిపోతన్నాయి."

"కుళ్ళు కాదది. లేబులో ఇర్ఫానా మేడమ్ సూసి సెప్పింది. గాయమైన సోట రొయ్య రగతం గడ్డకట్టి నల్లబడతాది. రోగం లోనికి పోకుండా తలుపేసుకుంతాది. మనలాగ దానికి టీకాల్లేవు, ఆ నలుపే రోగం మీద అది కొట్టే దెబ్బ."

నాను ఊరుకుంటానా? "కంచరపాలెంలో తన్నుకున్నోడి కంటికింద నలుపు సూసి, ఆడు సచ్చిపోనాడంతావేటి గుణశేఖరా?"

"మీ మావాకోడళ్ళకి మతిపోయింది," అని డబ్బాలు గట్టుమీదే పెట్టి పోయాడు.

రొయ్యలు గెలుస్తాయని ఇర్ఫానా కూడా మాటివ్వలేదు. నీళ్ళు బాగుంచమంది, మేత తగ్గించమంది, అమావాస్యకి పాత డొప్ప విడిచి కొత్తది తొడుక్కుంటాయి, అప్పుడు తెలుస్తుందంది. సూర్యకళ నీళ్ళు చిలికే మిషన్లు ఆపలేదు. చచ్చినవాటిని ఏరి సున్నమేసి పాతింది. మొగుడికి మాత్రం గట్టిగా చెప్పింది, "ఈ గట్టుమీద మళ్ళీ వల కనబడిందా, అందులోనే నిన్ను సుట్టి సింహాచలం మెట్లెక్కించేత్తాను."

అమావాస్య వెళ్ళాక ఒక పొద్దున చెరువు మూలకి డొప్పలు కొట్టుకొచ్చాయి. అన్నిటిమీదా నల్లమచ్చలే. గుణశేఖర్ డబ్బాల కోసం వచ్చి నిలబడ్డాడు. సూర్యకళ మేతపళ్ళెం పైకి లాగింది. పోయినవి పోయాయి. ఉన్నవి అద్దాల్లాగున్నాయి, ఒంటిమీద మచ్చ లేదు. ఒకటి ఎగిరి అతని డబ్బామీదే పడింది.

సూర్యకళ ఒక నల్లడొప్ప తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇదిగో నువ్వు సెప్పిన కుళ్ళు. పట్టుకుపో."

నాను డబ్బామీది రొయ్యని నీళ్ళలో వదులుతూ దాని మీసం కొలిచాను. మరికొంచెం పెరిగితే తెప్ప కట్టొచ్చు.