జయరావు పెరూ టూరు

సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్టు నడిపే జయరావుకి కంపెనీవాళ్ళు ఈసారి పెరూ టూరు ఇచ్చారు. ఎక్కువ మందు అమ్మిన డీలర్లని విదేశాలు తిప్పడం ఆ కంపెనీ ఆనవాయితీ. మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడి రైతులు కొట్టు ముందు బారులు తీరిన ఏడాది, మనవాడికి టూరు రాకపోతేనే వింత!

ఆండీస్ కొండల మీద గాలి పల్చన. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా తిండి ముందుకొచ్చేసరికి జయరావుకి ప్రాణం లేచొచ్చింది. ఓ రైతు ఇంటి పెరట్లో మట్టిగడ్డలు గూడులా పేర్చి, లోపల మంటపెట్టి, ఆ మట్టి బాగా కాలాక బంగాళాదుంపలు వేసి గూడంతా వాటి మీద కూలగొట్టారు. ఇంటావిడ పచ్చిమిరపకాయలు, ఏదో ఘాటైన ఆకు కలిపి రాతి మీద నూరింది. వేడి దుంప తొక్క తీసి ఆ పచ్చట్లో అద్దుకు తింటే జయరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అబ్బ! ఇన్నాళ్ళకి నాలిక్కి కారం తగిలింది" అన్నాడు పక్కనున్న డీలర్లతో. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, మళ్ళీ పళ్ళెం మీద పడ్డాడు.

"మీరూ రైతేనా?" అని ఇంటావిడ గైడు చేత అడిగించింది.

"అవును, మిరప" అనేశాడు. కౌలుకిచ్చిన పొలం ఉంది కదా, పూర్తిగా అబద్ధమేం కాదని సర్దిచెప్పుకున్నాడు. ఆవిడ ముఖం విప్పారింది. తన వాటా దుంప ఒలిచి అతని చేతిలో పెట్టి, పంట ఎలా ఉందని అడిగింది.

"బాగుంది" అన్నాడు. దుంప కొరక్కుండా చేతిలోనే పట్టుకున్నాడు.

అంతలో ఫోను మోగింది. బుల్లయ్య. వరసకి బాబాయి, జయరావు కొట్టు తప్ప ఇంకో కొట్టు గడప తొక్కని మనిషి.

"అబ్బాయ్, నీ ఫోటో చూశా. హాయిగా తిను. ఒక్క మాట అడుగుదామని చేశా. తోట ఇంకా ముడుచుకునే ఉంది, పూత రాలిపోతంది. నువ్విచ్చిన మందు రెండుసార్లు కొట్టా. పొద్దున్నే ఇంకోసారి కొట్టమంటావా?"

మొదటిసారి కొట్టాక జయరావే ఆ చేలోకి వెళ్ళి చూశాడు. పువ్వు విప్పితే పురుగులు ఎప్పటిలాగే పాకుతున్నాయి. ఆ మందు పనిచెయ్యదని అప్పుడే తెలిసిపోయింది. అయినా టార్గెట్‌కి కాస్త తక్కువైందని రెండోసారీ అదే అంటగట్టాడు. ఇప్పుడూ "కొట్టు బాబాయ్" అంటే సరిపోతుంది. నాలిక్కి అలవాటైన మాటే. చేతిలో దుంప ఇంకా వెచ్చగా ఉంది. తనమీద తనకే రోత పుట్టింది.

"వద్దు బాబాయ్. కొట్టొద్దు. దానివల్ల ఏం కాదు."



"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది అబ్బాయ్?"

"మొదటిసారి కొట్టినప్పుడే" అన్నాడు జయరావు.

"అట్టాగా..." అన్నాడు బుల్లయ్య. "సరేలే. తిను. చల్లారిపోద్ది."

ఫోను పెట్టేశాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదని జయరావు ఆ ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చుండిపోయాడు.