రెండో కాలు

దేవుడు ఒకసారి క్షమించాక ఆ పాపం ఇక లేనట్టేనని చర్చిలో చెబుతారు. మరి ఆ పాపం విరిచిన ఎముక ఎందుకు సరిగ్గా అతుక్కోదు? ముప్పై రెండేళ్లుగా ఆర్వెల్‌ని వదలని సందేహం ఇది. ప్రార్థనలో ఉన్నప్పుడు పెద్దగా రాదు. పొద్దున ఆరింటికి, కబేళాలో కత్తులు నూరుకునేటప్పుడు వస్తుంది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే వెనకనుంచి డెంజిల్ నడక వినిపిస్తుంది. సిమెంటు నేల మీద టక్కుమని ఒక అడుగు, ఈడ్చుకుంటూ ఒక అడుగు.

ఆ శుక్రవారం కూడా వినిపించింది. ఆర్వెల్ తల తిప్పలేదు. కత్తిని ఉక్కు కడ్డీకి అటూ ఇటూ రాసి, బొటనవేలి గోరు మీద పదును చూసుకుని, నడుముకున్న ఒరలో దోపుకున్నాడు. అరవై మూడేళ్ల మనిషి. మెడ పొట్టి, భుజాలు వెడల్పు. కుడి మణికట్టు ఎడమదానికంటే లావు. గోళ్ల అంచున ఉన్న ఎర్రటి గీత ఏ సబ్బుకీ పోదు. చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నప్పుడు ఆ గోళ్లు కనబడకుండా వేళ్లు లోపలికి ముడుచుకుంటాడు.

డెంజిల్ అతని భార్య ఓలెటాకి స్వయానా అన్న. అరవై ఏడేళ్లు. పొడుగ్గా, ఎండిన మొక్కజొన్న కాడలా ఉంటాడు. నోరు మాత్రం ఎండలేదు. బొగ్గుగని మూతపడ్డాక ఈ వెస్ట్ వర్జీనియా కొండల్లో మిగిలిన పని ఇదొక్కటే కాబట్టి ఇద్దరూ ఇక్కడే తేలారు. ఇరవై రెండేళ్లుగా ఆర్వెల్ పైన గట్టు మీద, డెంజిల్ కింద నేల మీద. ఇనుప బోనులోకి వచ్చిన ఎద్దు నుదుటికి ఆర్వెల్ తుపాకి ఆనించి నొక్కుతాడు. అందులో గుండు ఉండదు. వేలెడు ఉక్కు మేకు బయటికొచ్చి, పుర్రెలో దిగి, మళ్లీ లోపలికి పోతుంది. ఎద్దు నాలుగు కాళ్లూ ఒక్కసారే వదిలేస్తుంది. బోను పక్క తలుపు తీయగానే నేల మీదికి దొర్లుతుంది. డెంజిల్ వెనక కాలికి గొలుసు తగిలిస్తాడు. అది తలకిందులుగా పైకి లేస్తుంది. ఆర్వెల్ దిగొచ్చి గొంతులో కత్తి దించుతాడు. వేడి నెత్తురు బూట్ల మీదుగా కాలవలోకి పారుతుంది. శుక్రవారాలు పన్నెండు ఎద్దులు.

తుపాకి నొక్కేముందు ఆర్వెల్‌కి ఒక అలవాటు. కళ్లు మూసుకుని, రెప్పపాటు సేపు, ప్రభువా అంటాడు. అంతే. దానికోసమో, తనకోసమో అతనికే తెలియదు. సూపర్‌వైజర్ గ్రేడీ ఎన్నోసార్లు తిట్టాడు, కళ్లు మూసుకుని చేసే పని కాదిది అని. ఆర్వెల్ వినేవాడు, మళ్లీ మూసేవాడు.

ఆ పొద్దున ఇంట్లో ఓలెటా బిస్కెట్ రొట్టెల మీద సాసేజ్ గ్రేవీ పోసి ముందు పెట్టి, ఆదివారానికి తువ్వాళ్లు ఉతికి ఇస్త్రీ చేశానని చెప్పింది. ఏడాదికొకసారి వాళ్ల చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాక ఒకరి కాళ్లు ఒకరు కడుగుతారు. ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగాడు కాబట్టి. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. నీ కాళ్లు ఎవరు కడిగితే వాళ్ల కాళ్లు నువ్వు కడగాలి. మధ్యలో లేచిపోతే ఆ బాకీ నీ మీద ఉండిపోతుంది. ఎవరూ అడగరు, ఎవరూ మర్చిపోరు. ఆర్వెల్ ఎప్పట్లాగే ఆదివారం కబేళా కడిగే పనికి పేరు రాశానన్నాడు. ఓలెటా పెనం గీకుతూ, అతనికేసి చూడకుండానే అంది.

"పశువుల నెత్తురు కడగడానికి నీకు వారం పొడుగునా టైముంది."

ముప్పై నాలుగేళ్ల కిందట గనిలో సమ్మె. తొమ్మిదో నెలకి పిల్లలు పాలు మర్చిపోయారు. కంపెనీ కాపలావాళ్లు సమ్మెలో ఉన్న ఒకతని ఇంటి మీద కాల్పులు జరిపారు. సమ్మెవాళ్లు లారీల అద్దాలు పగలగొట్టారు, ఒక డ్రైవరు కన్ను పోయింది. ఒక తెల్లవారుజామున సమ్మె తప్పి పనిలోకి పోతున్న ఐదుగుర్ని వాగు వంతెన దగ్గర ఆపారు. వాళ్లలో డెంజిల్ ఉన్నాడు. అతని చిన్న కూతురు ఆస్పత్రిలో ఉంది. ఆర్వెల్ చేతిలో గొడ్డలి కామ. భార్య అన్నని తల మీద కొట్టలేక చీలమండ మీద కొట్టాడు. మొదటి దెబ్బ యూనియన్ కోసమే. పడిపోయాక ఇంకో రెండు వేశాడు. ఆ రెండూ ఎందుకో ఇప్పటికీ తెలియదు. తెలిసినదొక్కటే, వేస్తున్నప్పుడు హాయిగా ఉంది. షెరీఫ్ వచ్చి అడిగితే, చీకట్లో ముఖం కనబడలేదని డెంజిల్ చెప్పాడు.

రెండేళ్లకి ఆర్వెల్ ఏడ్చి, ఒప్పుకుని, వాగులో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఏడు కాళ్లు కడిగే ఆదివారం, డెంజిల్ బెంచీలు పట్టుకుంటూ కుంటుకుంటూ వచ్చి అతని ముందు మోకరించాడు. శుభ్రంగా కడిగి, వేళ్ల సందులు కూడా తుడిచాడు. తర్వాత తను బెంచీ మీద కూర్చుని కుడి మేజోడు విప్పాడు. ఆ కాలిని ఆర్వెల్ అప్పుడే మొదటిసారి చూడడం. ఒక్క క్షణం కూడా చూడలేదేమో. తువ్వాలు కింద పడేసి, బూట్లు కూడా వేసుకోకుండా, కంకర రోడ్డు మీద రెండు మైళ్లు ఇంటికి నడిచిపోయాడు.

సంఘపెద్ద హోబర్ట్ తర్వాత చాలాసార్లు నచ్చజెప్పాడు. కాళ్లు కడిగితే ఆత్మకి రక్షణ రాదు, కడగకపోతే పోదు, అది కృపవల్ల ఉచితంగా దొరికేదన్నాడు. ఆర్వెల్ అది నమ్మాడు. నమ్మినవాడు ఆ బెంచీ ముందు ఎందుకు కూర్చోలేకపోతున్నాడన్నదే అతనికి అంతుపట్టలేదు.

ఆ రోజు మొదటి నాలుగు ఎద్దులు నెమ్మదిగానే పోయాయి. ఐదోదాన్ని బోనులోకి తోలుతుండగా డెంజిల్ గోడకున్న ఆదివారం పని జాబితా దగ్గర ఆగి, కళ్లజోడు ముక్కు మీదికి దించి చదివాడు.

"బావా, ఈ కబేళా అంత శుభ్రంగా ఎందుకుంటుందో ఇన్నాళ్లకి అర్థమైంది. ఇరవై రెండేళ్లయింది నువ్వు నా కాళ్లకి బదులు దీన్ని కడగబట్టి."

మాంసం కోసేవాళ్లు నవ్వారు. ఆర్వెల్ చెవులు ఎర్రబడ్డాయి. వదిలెయ్యమన్నాడు. డెంజిల్ వదల్లేదు. గట్టు దగ్గరికి వచ్చి, ఈసారి మిగతావాళ్లకి వినబడకుండా, తలెత్తి చూస్తూ అన్నాడు.

"నేను క్షమించేసి కూర్చున్నాను. నువ్వేమో నన్ను ఎదురుచూసేలా చేస్తున్నావు. నాకు వయసైపోతోంది బావా. ఈ ఆదివారం ఆ బెంచీ మీద కూర్చుంటాను. రా, లేకపోతే మానెయ్. నేనైతే మేజోళ్లు విప్పుకునే ఉంటాను."

ఆర్వెల్ బోనువైపు తిరిగాడు. బోనులో ఎర్ర ఎద్దు, పద్నాలుగు వందల పౌండ్లది, రొప్పుతూ కొమ్ములతో ఇనుము గోకుతోంది. తుపాకి దాని నుదుటికి ఆనించాడు. కళ్లు మూశాడు. ప్రభువా అన్నాడు. రోజూ అక్కడితో అయిపోయేది. ఇవాళ అవలేదు. ఆదివారం నాకు బలం ఇవ్వు, లేకపోతే ఆదివారం రాకుండా చెయ్యి అని అడిగాడు. ఇరవై రెండేళ్లలో అంత పొడుగు ప్రార్థన ఆ గట్టు మీద చేయలేదు. అది పూర్తయ్యేలోపల ఎద్దు తల తిప్పింది. అతను నొక్కాడు.

దెబ్బ కంటి పైన పడింది. ఎద్దు మోకాళ్ల మీద కూలింది. చెయ్యి అలవాటుగా పక్క తలుపు మీటని లాగేసింది. తలుపు తెరుచుకుంది. డెంజిల్ గొలుసు పట్టుకుని వంగాడు.

ఎద్దు లేచింది. ఒక కన్ను లేదు, ముఖమంతా నెత్తురు. ఎటు పోవాలో తెలియక తలతో ముందుకు దూకింది. దానికీ ఇనుప స్తంభానికీ మధ్యలో డెంజిల్ ఉన్నాడు. పక్కటెముకలు విరిగిన చప్పుడు గట్టు మీదికి వినిపించింది. అలాంటి చప్పుడు ఆర్వెల్ ఇదివరకు ఒక్కసారే విన్నాడు, వంతెన దగ్గర. ఎద్దు వెనక్కి తగ్గి మళ్లీ గుద్దింది. ఆర్వెల్ పైనుంచి దాని మెడ మీదికే దూకాడు. చెవి పట్టుకుని వేలాడుతూ గొంతులో కత్తి దించాడు, తీశాడు, మళ్లీ దించాడు. ఏడోసారికో ఎనిమిదోసారికో అది పక్కకి ఒరిగింది. ఇంకా పొడుస్తూనే ఉన్నాడు. గ్రేడీ వచ్చి మణికట్టు పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

డెంజిల్ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. పైకి పెద్ద గాయం లేదు. ఛాతీ ఒకవైపు లోపలికి పోయింది. ఊపిరి పీలుస్తుంటే లోపల నీళ్లు కదిలినట్టు గరగరమంటోంది. అంబులెన్సు కొండ దాటి రావాలి, నలభై నిమిషాలు. కదిలించొద్దని ఫోనులో చెప్పారు. ఆర్వెల్ ఎదురుగా మోకాళ్ల మీద పడ్డాడు. తలనుంచి కాళ్లదాకా ఎద్దు నెత్తురే.

"కళ్లు మూశావా?" అని అడిగాడు డెంజిల్.

ఆర్వెల్ తలూపాడు. ప్రార్థన చేయనా అని గొణిగాడు.

"వద్దులే. ఇందాకటిది చాలు." నవ్వబోతే పెదవి చివర ఎర్రటి నురగ వచ్చింది. "కాళ్లు చల్లబడుతున్నాయి. బూట్లనిండా ఆ దరిద్రపు ముండ నెత్తురే. తీసెయ్."

ఆర్వెల్ లేచాడు. కాలేయాలు పెట్టే తెల్ల ఎనామిల్ బేసిన్ ఒకటి తీసి రెండుసార్లు తొలిచాడు. కత్తులు కడిగే కొళాయిలో వేడినీళ్లు పట్టి, చన్నీళ్లు కలిపి, మోచేతితో చూసుకున్నాడు. ఇంట్లో పసిపిల్లలకి పోసేటప్పుడు ఓలెటా అలాగే చూసేది. మనిషిని కదిలించొద్దన్నారు కదా అని గ్రేడీ ఏదో అనబోయి, అతని ముఖం చూసి ఊరుకున్నాడు.

ముందు ఎడమ బూటు తాళ్లు విప్పాడు. బూటూ మేజోడూ లాగి, కాలు బేసిన్‌లో పెట్టి, దోసిట్లో నీళ్లు పట్టి పోయసాగాడు.

"ఆ కాలు కాదు బావా," అన్నాడు డెంజిల్. "దాన్ని ఎవరైనా కడుగుతారు. నీది రెండోది."

ఆర్వెల్ చేతులు ఆగిపోయాయి. తలుపు దగ్గర మాంసం కోసేవాళ్లు వరసగా నిలబడ్డారు. అటువైపు వాకిలి తెరిచే ఉంది. అతను ఒకసారి అటు చూశాడు. తర్వాత కుడి బూటు తాళ్లు విప్పాడు. బూటు లాగుతుంటే లోపలినుంచి చేత్తో కత్తిరించిన మందపాటి ఉన్ని మెత్త ఒకటి జారిపడింది. దాన్ని తీసి పొడిగా ఉన్నచోట గట్టు మీద పెట్టాడు. మేజోడు విప్పాడు. ఈసారి చూశాడు.

చీలమండ లోపలికి తిరిగిపోయి ఉంది. దాని మీద మూడు గుబ్బలు, ఒకదానికింద ఒకటి. చర్మం పలచగా, నీలంగా మెరుస్తోంది. చిటికెనవేలు పక్క వేలి కిందికి దూరిపోయి, దాని గోరు ఎన్నేళ్లుగానో మాంసంలోకే పెరుగుతోంది. మడమ ముప్పై నాలుగేళ్లుగా నేలకి ఆనలేదు, పసిపిల్లల మడమలా మెత్తగా ఉంది. ఆర్వెల్ మొదటి గుబ్బ మీద చెయ్యి పెట్టాడు. రెండోదాని మీద, మూడోదాని మీద పెట్టి ఉంచాడు. ప్రార్థనకి మాటలు రాలేదు. నీళ్లు పోశాడు. పాదం కింద చెయ్యి పెట్టి, వంకరకి తగ్గట్టు తన వేళ్లు వంచి, మెల్లగా రుద్దాడు. బేసిన్‌లో నీళ్లు గులాబీ రంగుకి తిరిగాయి. మార్చాడు. మళ్లీ తిరిగాయి. మళ్లీ మార్చాడు.

"వేడి సరిపోయిందా?"

"సరిపోయింది." డెంజిల్ ఊపిరి అందుకుని అన్నాడు, "వేళ్ల సందులు."

తువ్వాలు లేదు. ఆర్వెల్ ఏప్రన్ విప్పి, చొక్కా విప్పి, నెత్తురంటని లోపలి బనియను తీశాడు. చలికి ఒంటిమీద రోమాలు లేచి నిలబడ్డాయి. కుడికాలు ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క వేలూ తీసి సందుల్లో తుడిచాడు. లోపలికి దూరిన చిటికెనవేలిని గోరు నొప్పి పెట్టకుండా పైకెత్తి, దాని కింద కూడా తుడిచాడు. అప్పటికి ఆ గరగర వినిపించడం మానేసింది. గ్రేడీ టోపీ తీశాడు. ఆర్వెల్ తల ఎత్తలేదు. ఎడమకాలు కూడా ఒళ్లోకి తీసుకుని, తొందర లేకుండా, దాని వేళ్ల సందులు కూడా తుడిచాడు.

అంబులెన్సువాళ్లు వచ్చి, చూసి, పైన దుప్పటి కప్పి, మోసుకుపోయారు. దుప్పటి పొడుగు చాలక ఆ రెండు పాదాలూ శుభ్రంగా బయటికి కనబడుతూ వెళ్లాయి. గ్రేడీ బేసిన్ తొలిచి బోర్లించాడు. గట్టు మీద ఆ ఉన్ని మెత్త మిగిలింది. ఒక అంచు వేలెడు మందం, రెండో అంచు కాగితమంత పలచన, నడుమ ముప్పై ఏళ్ల బరువుకి దిగబడిన వంకర పాదం అచ్చు, ఐదు వేళ్లతో సహా.