రెండున్నర లాంచీ

కుడికాలు పైకి లాగితే ఎడమకాలు దిగబడుతోంది లస్కానోకి. ప్రభుత్వ సబ్సిడీతో నడిచే లాంచీల పనితీరు కొలవడానికి రాజధాని నుంచి చిలోయే దీవులకి వచ్చిన అధికారి అతను. ఆటుకి సముద్రం వెనక్కి పోయి రేవు ముందు రెండు వందల గజాల బురద తేలింది. బురద అంచున, అతన్ని లాంచీకి చేర్చాల్సిన చిన్న పడవలో ఆ ఊరి మనిషి ఎదూలియా కూర్చుని ఉంది. అవతల లోతు నీళ్ళలో లాంచీ.

కొలతలవాళ్ళని లాంచీ యజమాని ఎప్పుడూ పోటు వేళకే రప్పిస్తాడు; అప్పుడు లాంచీ రేవుకే ఆనుతుంది, బురద కనబడదు. ఈసారి ఎదూలియా లస్కానోని భోజనానికి పిలిచి, ఉడికించిన ఆల్చిప్పలు కొసరి కొసరి వడ్డించి, నీరు తీసేదాకా కదలనివ్వలేదు.

అతను ఎక్కాక కొంతదూరం తెడ్లు వేసి, ఆపేసింది.

"ఆపావేమ్మా? రెండున్నరకి నాలుగు నిమిషాలే ఉన్నాయి!"

"తెలుసు సార్. వేళకి కదిలినవి నూటికి తొంభైతొమ్మిదని రాశారుగా. వదిలేసిపోయిన వాళ్ళెంతమందో ఎక్కడ రాశారు?"

"దానికి గడి లేదమ్మా."

కిందటి జూలైలో ఆమె భర్త ఆర్తెమియో ఆసుపత్రికని బయల్దేరి ఇదే పడవలో కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. లాంచీ ముప్పై గజాల దూరంలో ఉంది. ఆలస్యమైతే యజమానికి సబ్సిడీ కోత. ఒక్కో ఆలస్యానికి పదివేల పెసోలు లాంచీ నడిపే సరంగు బార్రియా జీతంలోంచి పోతాయి. లాంచీ వేళకే కదిలింది. మళ్ళీ లాంచీ రెండు రోజులకి. అప్పటికి ఆర్తెమియో లేడు.

"ఎదూలియా అక్కా!" లాంచీ మీంచి బార్రియా అరిచాడు. "తొయ్యవే తల్లీ! సార్ని ఎండబెడతావా?"

"నీకెందుకురా తొందర? వేళయితే పో. నీకు అలవాటేగా!"

లాంచీలో నాచు మూటల మీద కూర్చున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "పోనియ్యి బార్రియా! సార్ కూడా మాలాగే ఎల్లుండి వస్తాడు!"

లస్కానో తెడ్డు లాక్కోబోయాడు. ఆమె రెండు తెడ్లూ తీసి తన కాళ్ళకింద వేసుకుని తొక్కిపట్టింది.

"ఈత వచ్చా సార్? నీళ్ళు మహా చల్లన."

"ఆగవయ్యా! లాంచీ ఆపు!" గొంతు చించుకున్నాడు లస్కానో.

"ఆపమంటున్నారా? మా ఆయనా అలాగే అరిచాడు."

ఇంజను గుర్రుమంటూనే ఉంది. బార్రియా చెయ్యి గేరు మీద ఉంది. అతను ఒకసారి అధికారిని చూశాడు, ఒకసారి గడియారాన్ని. లాంచీలో నవ్వులు ఆగిపోయాయి. రెండూ ముప్పై ఒకటి. లాంచీ ఇంకా కదల్లేదు. ఎదూలియా పడవ అలలకి మెల్లగా పక్కకి తిరుగుతోంది. ఆమె కాళ్ళు తెడ్ల మీంచి తియ్యలేదు.