ఎవరి పేరున రెండు చుక్కలు

శనివారం మధ్యాహ్నం దాటిందంటే జశ్వంత్‌కు లోకంతో పనిలేదు. బ్యాంకు బ్యాగు మంచం కిందకి వెళ్ళిపోయేది, ఫ్రిజ్‌లోంచి బీర్లు బయటికొచ్చేవి, ఇంట్లో ఇవేవీ కుదరవని తార్నాకలో అతను అద్దెకుంటున్న రెండో అంతస్తు ఫ్లాట్‌లో స్పీకర్లు గొంతు సవరించుకునేవి. కొంపలు మునిగినా సరే, పాట సగంలో ఉండగా లేవకూడదని అతని సిద్ధాంతం. సిద్ధాంతాలు బ్యాంకు ఉద్యోగులకు కూడా ఉంటాయి మరి.

ఈ సుఖానికి తోడు బాలరాజు. ఎమ్మెస్సీలో ఇద్దరిదీ ఒకటే బెంచీ. జశ్వంత్ వాళ్ళు భీమవరం వైపు నుంచి వచ్చి విద్యానగర్‌లో స్థిరపడ్డవాళ్ళు. బాలరాజుది సిద్దిపేట అవతల వ్యవసాయ కుటుంబం. యూనివర్సిటీ క్యాంపస్ హాస్టల్లో ఉండి పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఒక పాట స్పీకర్లది, తర్వాతి పాట బాలరాజు గొంతుది. అతను ఎత్తుకుంటే కింది ఫ్లాటు విశాలాక్షిగారు కూడా మిక్సీ ఆపేవారు. ప్రత్యేక రాష్ట్రం సంగతి ఎవడెత్తితే వాడు గిన్నెలు కడగాలన్నది జశ్వంత్ పెట్టిన నియమం. అందువల్ల ఎక్కువసార్లు బాలరాజే కడిగాడు.

ఉద్యమం ముదిరాక బాలరాజు రావడం మానేశాడు. జశ్వంత్ అలిగాడు. ఊరంతా అట్టుడుకుతుంటే తన శనివారాలు పాడైపోతున్నాయని అలగడానికి మనిషికి కొంచెం సిగ్గు తక్కువుండాలి. కానీ అలిగిన మాట నిజం, ఒంటరిగా తాగితే బీరు చేదుగా ఉన్న మాట కూడా నిజం.

ఆ శనివారం బంద్. బంద్ అంటే వైన్‌షాపులూ మూస్తారని ముందే సరుకు తెచ్చి పెట్టుకున్నాడు, అటువంటి విషయాల్లో మహా ముందుచూపు. క్యాంపస్ వైపు నుంచి టపటపమని శబ్దాలు వచ్చాయి, కాసేపటికి బాష్పవాయువుకి కళ్ళు మండాయి. కిటికీలు బిగించి పాట సౌండు పెంచాడు. అప్పుడు మోగింది బెల్లు.

తలుపు తీస్తే బాలరాజు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, చొక్కా భుజం దగ్గర చిరిగింది.

"నీళ్ళియ్యి రా, జల్ది," అంటూ లోపలికొచ్చి తనే గడియ పెట్టాడు. "మాణికేశ్వర్ నగర్ సందులల్ల పడి ఉరికొచ్చిన. ఎన్కనే వస్తున్నరు. గీ గల్లీల జొచ్చుడు చూసిండ్రు."

"చూస్తే చూశార్లే. ఒక రాత్రి ఉంచుకుని పంపిస్తారు, అంతేగా?"

"గంతే అయితే నీ ఇంటికి ఎందుకొస్త? లెక్చరర్ పోస్టుకు సెలెక్ట్ అయిన. పోలీస్ వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. ఇయ్యాల పేరు కేసుల ఎక్కిందంటే నౌకరి మొత్తానికే పోతది." అని గోడకు ఆనుకున్నాడు. "మా ఇంట్ల ఇంకెవ్వరు లేరు రా సంపాదించేటోళ్ళు."

జశ్వంత్ ఇప్పటిదాకా బాలరాజు గొంతులో భయం వినలేదు. పాటలు విన్నాడు, వాదనలు విన్నాడు, బూతులు కూడా విన్నాడు. భయం కొత్త. అది వినగానే అలకంతా ఎటు పోయిందో పోయింది.

"మొహం కడుక్కో. ఈ టీషర్టు తొడుక్కో. నువ్వు మా బావమరిదివి, భీమవరం నుంచి నిన్ననే దిగావు. గొంతు పోయింది, మాట రాదు. ఒక్కసారి 'ఏంది' అన్నావంటే ఇద్దరం బుక్కైపోతాం."

వేరుశనగలు పళ్ళెంలో పోశాడు, ఉల్లిపాయ తరిగాడు, బీరు గ్లాసుల్లోకి వంచాడు. సారంగి మీద ఏదో నెమ్మది రాగం పెట్టాడు. శనివారం పూట ఇద్దరు కుర్రాళ్ళు తాగుతూ పాటలు వింటుంటే ఎవడికి అనుమానం వస్తుంది? తన తెలివికి తనకే ముచ్చటేసింది. సీసా మూతి మాత్రం గ్లాసుకు తగిలి టకటకమంటోంది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఎస్సై, వెనకే ఒక కానిస్టేబుల్. ఎస్సై ఛాతీ మీద బిళ్ళలో వీరస్వామి అని ఉంది. నడివయసు మనిషి, చెమటకు యూనిఫాం ఒంటికి అంటుకుపోయింది. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాడేమో, చెప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"ఓ పిలగాడు గిటు దిక్కే ఉరికొచ్చిండు. చూసిండ్రా?"

"లేదు సార్. కిటికీలు కూడా తీయలేదు, ఘాటుకి. మేం మధ్యాహ్నం నుంచీ ఇదిగో, ఇలాగే."

"ఈయన?"

"మా బావమరిది సార్. భీమవరం. జలుబు చేసి గొంతు పోయింది."

బాలరాజు తల ఊపాడు. ఎస్సై ఎర్రటి కళ్ళ వంక చూశాడు. అయితే ఆ వేళకి తార్నాకలో ఎర్రగా లేని కళ్ళెక్కడివి, ఎస్సై కళ్ళూ అలాగే ఉన్నాయి.

"సోకు మంచిగున్నది మీది," అన్నాడు నవ్వీనవ్వక. "బయట పోరగాండ్లు లాఠీ దెబ్బలు తింటుండ్రు, మాకు తిండి లేదు, మీకేమో పాట." కానీ పాట ఆపమనలేదు. మంచినీళ్ళు అడిగి గటగటా తాగి, మంచం కింది బ్యాగు చూసి ఏం పని అని అడిగాడు. బ్యాంకులో ఉద్యోగమన్నాడు జశ్వంత్. ఎస్సై సరేనని, లేవడానికి కుర్చీ చేతుల మీద చేతులు ఆనించాడు కూడా.

అక్కడితో ఊరుకుంటే గండం గడిచేది. ఊరుకోలేదు మన తెలివిగలవాడు. ముట్టని గ్లాసులు ఎస్సై కంటపడతాయేమోనని భయం పట్టుకుంది. "నువ్వు మొదలెట్టరా బావా, చల్లదనం పోతుంది," అంటూ గ్లాసు తీసి బాలరాజు చేతిలో పెట్టాడు.

బాలరాజు ధ్యాస తలుపు మీద ఉంది. చెయ్యి తన అలవాటు ప్రకారం తను పోయింది. గ్లాసులో వేలు ముంచి, రెండు చుక్కలు నేల మీద చిలకరించి, అప్పుడు పెదవికి ఆనించుకున్నాడు.

ఎస్సై లేవలేదు.

"భీమవరంల గూడ పోస్తరా సాక?"

జశ్వంత్ తన గ్లాసు అందుకుని, అదే మాదిరి వేలు ముంచి చుక్కలు విదిల్చాడు. సగం తన పాంటు మీదే పడ్డాయి.

"మా ఇంట్లో అందరం పోస్తాం సార్."

"అట్లనా. ఎవ్వరికి పోసినవ్?"

"అంటే... అందరూ ఎవరికి పోస్తే..."

"మొక్కు అయితే దేవతకు. గిట్ల తాగేటప్పుడు పోస్తే పోయినోళ్ళకు. ఊకెనే ఎవ్వరు పొయ్యరు. పేరు తల్సుకొని పోస్తరు. నువ్వు ఎవ్వర్ని తల్సుకున్నవ్?"

ఇన్ని శనివారాల నుంచి ఈ రెండు చుక్కలూ జశ్వంత్ నేల మీద పడుతూనే ఉన్నాయి. టైల్స్ జిగటవుతున్నాయిరా అని విసుక్కున్నాడు, గుడ్డ తెచ్చి తుడిచాడు, మీ ఊరి మూఢనమ్మకం అని వెక్కిరించాడు. ఎవరికిరా అని ఒక్కనాడూ అడగలేదు.

"మా తాతకి సార్," అన్నాడు. ఆ తాత భీమవరంలో నిక్షేపంగా ఉన్నాడు.

ఎస్సై అతన్ని వదిలేసి బాలరాజు వైపు తిరిగాడు. "నువ్వు జెప్పు తమ్మీ. గొంతు పోయినా పేరొక్కటి జెప్పొచ్చు. ఎవ్వరికి?"

తాతకని తనూ అనేస్తే సరిపోయేది. ఎస్సై నమ్మినా నమ్మకపోయినా, అలసిపోయి ఉన్నాడు, లేచి వెళ్ళిపోయేవాడేమో. జశ్వంత్ కళ్ళతోనే బతిమాలాడు. అను, అనరా, ఒక్క మాట. ఊరి గురించి, బంధుత్వం గురించి బాలరాజు ఎంత అబద్ధమైనా ఆడేవాడే. పోసిన చుక్క ఒకరిదైతే దాన్ని ఇంకొకరి పేరున రాయడానికి మాత్రం అతనికి నోరు రాలేదు. గ్లాసు కింద పెట్టేశాడు.

"మా తమ్మునికి సార్. బుచ్చిరాములు."

"ఎట్ల పోయిండు?"

"రాత్రి కరెంటుకు బాయికాడికి పోయిండు. మోటరు షాక్ కొట్టింది. ఇద్దర్ల ఒక్కడన్న సదవాలెనని వాడు బడి బంద్ జేసి నన్ను సదివిచ్చిండు."

ఎస్సై ఖాళీ మంచినీళ్ళ గ్లాసును పక్కకు జరిపాడు. గుమ్మంలో కానిస్టేబుల్ నిలబడి అంతా విన్నాడు. అతను లేకపోతే ఏం జరిగేదో ఎవరం చెప్పగలం?

"అడగకుంటే బాగుండు," అన్నాడు చివరికి, ఎవరితోనూ కాదు. "నడువు తమ్మీ."

జశ్వంత్ పాట ఆపడం కూడా మరిచిపోయి వాళ్ళ వెనకే మెట్లు దిగాడు. విశాలాక్షిగారు తలుపు సందులోంచి చూస్తున్నారు. వీధి చివర వ్యాన్ ఉంది, అందులో అప్పటికే కొందరు క్యాంపస్ పిల్లలు కూర్చుని ఉన్నారు. బాలరాజు ఎక్కాడు. జశ్వంత్ కూడా కడ్డీ పట్టుకున్నాడు.

"నువ్వెటు?" అన్నాడు ఎస్సై.

"దాచింది నేనే సార్. అబద్ధం చెప్పిందీ నేనే. నా పేరూ రాసుకోండి."

"బ్యాంకు నౌకరి అంటివి గద పైన. ఉంటదా అది?"

"తెలీదు సార్."

నిజంగానే తెలీదు. ఇంట్లో అమ్మ ఏమంటుందో అదీ తెలీదు. వెనక్కి పోతే ఆ గదిలో ఆ పాట ముందు కూర్చోవాలి. అది మాత్రం తన వల్ల కాదని తెలుసు. ఎస్సై పక్కకు తప్పుకున్నాడు.

వ్యాన్ కదిలింది. లాలాగూడ వైపు మలుపు తిరిగింది. బాలరాజు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. పోయిన ఉద్యోగం గురించి ఏం చెప్పి ఓదార్చాలో జశ్వంత్‌కు తోచలేదు. తోచింది ఒకటే.

"ఎలా ఉండేవాడురా బుచ్చిరాములు?"

బాలరాజు తలెత్తి చూశాడు.

"గిన్నేండ్లకు అడిగినవ్ రా," అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది జశ్వంత్‌కు. ఏడుపు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. బాలరాజు బల్ల మీద కొంచెం జరిగి, అతనికి చోటిచ్చి, తమ్ముడి గురించి చెప్పడం మొదలుపెట్టాడు.