ఆవకాయ జాడీ, పదహారు వందల మీటర్లు

కార్తీకమాసం ముప్ఫై రోజులూ ఒక్క పూట కూడా తప్పకుండా దీపం పెట్టింది చందన. తెల్లవారకముందే లేచి, చన్నీళ్లు పోసుకుని, తులసికోట దగ్గర ఒత్తి వెలిగించి, ఆ తడిజుట్టునే ముడేసుకుని, బూట్లు తొడుక్కుని, రేపల్లె స్టేషన్‌కి పరుగున వెళ్లి తెనాలి బండి ఎక్కేది. వీధిలో ఆడవాళ్లు నోరు నొక్కుకున్నారు. నెల మొత్తంలో ఒక్కరోజూ అడ్డం రాలేదంటే ఎంత పెట్టిపుట్టాలి అన్నారు. తల్లి ఆదిలక్ష్మి ఆ మాటకి పొంగిపోయి మాసం ముగిసిన పోలిపాడ్యమినాడు పదిమందికి తాంబూలాలు కూడా ఇచ్చింది.

చందనకీ సంతోషంగానే ఉంది, కాకపోతే దీపాల గురించి కాదు. నెలసరి ఆగిపోయి అప్పటికి నాలుగు నెలలు దాటింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టే ఈవెంట్స్, అంటే పరుగు పరీక్షలు, డిసెంబరు చివర్లో. ఆ రోజు సరిగ్గా ఆ తేదీయే వచ్చి పడితే ఎలా అని తెనాలి గ్రౌండ్‌లో ఆడపిల్లలంతా వేళ్లమీద లెక్కలేసుకుంటున్నారు.

"నీ పని హాయే. మేం టాబ్లెట్లు మింగి వాయిదా వేసుకోవాలి. నీకు దేవుడే వాయిదా వేశాడు" అంది సాయి సుధ, రోజూ తనతో పాటు అదే బండెక్కే స్నేహితురాలు.

"ఒళ్లు గట్టిపడిందే, అంతే" అంది చందన.

నిజంగానే అలా అనుకుంది. కిందటి నోటిఫికేషన్‌లో పదహారు వందల మీటర్ల పరుగు పదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాల్సింది, నాలుగు సెకన్లు ఆలస్యమైంది. నాలుగంటే నాలుగు. ఆ నాలుగు సెకన్లు రెండేళ్లపాటు అన్నం కంచంలో, అద్దంలో, నిద్రలో కనపడుతూనే ఉన్నాయి. ఇప్పుడదే దూరం ఎనిమిదిన్నర నిమిషాల్లో పరిగెడుతోంది. గ్రౌండ్‌లో నేర్పే జయకృష్ణ సార్ స్టాప్‌వాచ్ చూసుకుని, "చాలమ్మా, ఇంక ఉన్నది నిలబెట్టుకో. ఆదివారం ఇంటి దగ్గర పడుకో" అన్నాడు. చందన సరేనంది. ఆదివారం బస్సెక్కి బాపట్ల వెళ్లి, సూర్యలంక ఇసకలో మడమలు కూరుకుపోతుంటే రెండు గంటలు పరిగెత్తింది. సార్‌కి చెప్పలేదు. ఆ తరవాత ఏ ఆదివారమూ మానలేదు. ఎడమకాలి పిక్కల ముందు ఎముక సలపడం మొదలైంది అక్కడే. బట్ట చుట్టి బిగించి కట్టుకుంది.

తిండి సంగతి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. కార్తీకమాసం కదా, ఒంటిపూట ఉంటోంది అనుకున్నారు. మాసం అయిపోయింది, ఒంటిపూట మాత్రం పోలేదు. తండ్రి బియ్యం మిల్లులో ఆపరేటరు. ఇంట్లో సన్నబియ్యానికి కొదవలేదు. చందన రెండిడ్లీలతో, గ్లాసు మజ్జిగతో రోజు గడిపేసేది.

మొదట కనిపెట్టింది నాయనమ్మ ధనమ్మ. ఒక మధ్యాహ్నం అంతా భోజనాలకి కూర్చున్నారు. చందన అలవాటు ప్రకారం వంటింటి మూల పెద్ద జాడీ మూత తీసి, చిన్న గిన్నెలోకి ఆవకాయ తీసుకొచ్చి నాయనమ్మ కంచం పక్కన పెట్టింది. ధనమ్మ గిన్నె వంక చూసింది, మనవరాలి వంక చూసింది.

"ఏమే, జాడీ దగ్గరికి నన్ను పంపి ఎన్నాళ్లయింది?"

"ఏంటి నాయనమ్మా?"

"ఆ మూడు రోజులూ నువ్వు పచ్చడి ముట్టుకోవుగా. నన్ను తియ్యమనేదానివి. నెలనెలా ఆ మూడు రోజులు నేనే వంగి చచ్చేదాన్ని. నా మోకాళ్లకి అదొక లెక్క. అయిదు నెలల నుంచి నేను వంగిందే లేదు."

ఆదిలక్ష్మి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. కూతురి మొహంలోకి చూసింది, పొట్టవైపు చూసింది, గొంతు తగ్గించి, "చందనా, ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. మీ నాన్నతో నేను మాట్లాడతా" అంది.

"ఛీ, ఏం మాటలమ్మా అవి."

"ఊరుకోవే లక్ష్మీ" అంది ధనమ్మ. "దాని వాలకం చూడు. ఊచలాగుంది. కడుపు మొయ్యడానికి దాని ఒంట్లో ఏముందని? ఆ మెడకింద ఎముకల్లో సోలెడు నూక పోయొచ్చు. జుట్టంతా దువ్వెనలోనే ఉంటంది. కార్తీకంలో అడ్డం రాలేదని ఊరంతా చెప్పుకుని మురిసిపోయావు. అంత మురిసేటప్పుడు ఎందుకు రాలేదని ఒక్కసారన్నా అడిగావా?"

ధనమ్మ ఆవకాయ కలుపుకుని రెండు ముద్దలు తిని, "రేపు నేనూ తెనాలి వస్తా" అంది.

తెనాలిలో డాక్టర్ హెప్సిబా గారు రాయడం ఆపి అడగడం మొదలుపెట్టారు.

"రోజూ ఎంతసేపమ్మా?"

"పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంటన్నర అండి."

"ఆదివారం?"

"బాపట్ల వెళ్తానండి. బీచ్‌లో."

"అది ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి."

"మరి సెలవెప్పుడు?"

చందన నేలచూపులు చూసింది.

"పోనీ, ఒక రోజు పరిగెత్తకపోతే ఏమవుద్ది నీకు?"

తుపాను రోజు గుర్తొచ్చింది. బళ్లు ఆగిపోయాయి. మధ్యాహ్నానికల్లా ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. టిఫిన్ తినమన్న పాపానికి తల్లి మీద అరిచింది. తరవాత వానలోనే మేడమెట్లు మూడొందల సార్లు ఎక్కి దిగింది. అప్పటికి గానీ ఊపిరాడలేదు. ఆ సంగతి డాక్టరుకి చెప్పలేదు. "ఏమీ కాదండి" అంది.

డాక్టరు ఎడమకాలి ఎముక మీద బొటనవేలితో నొక్కారు. చందన కళ్లలో నీళ్లు తిరిగాయి, నోట్లోంచి మాత్రం చిన్న శబ్దం కూడా రాలేదు. అది చూసి డాక్టరు నిట్టూర్చారు. ఎక్స్‌రేలో ఆ చోటే వెంట్రుక మందాన ఒక గీత.

"మీ నాన్న మిల్లులో చేస్తారన్నావుగా. కరెంటు చాలకపోతే వాళ్లేం చేస్తారు?"

"కొన్ని మెషీన్లు ఆపేస్తారండి."

"నీ ఒళ్లు కూడా అదే చేసిందమ్మా. నువ్వు తినేది ఆ పరుగుకే చాలట్లా. అందుకని నెలసరి ఆపేసింది. ఎముకకి పెట్టాల్సింది ఆపేసింది. మీరంతా అది బలం అనుకున్నారు." రక్తపరీక్షలు రాసి కాగితం ఇచ్చారు. "కడుపునిండా అన్నం తిను. ఎనిమిది వారాలు పరుగు మాట ఎత్తొద్దు. ఇట్టాగే పరిగెత్తితే ఆ గీత విరుగుద్ది."

"పంతొమ్మిది రోజుల్లో ఈవెంట్స్ ఉన్నాయండి."

"తెలుసు. ఈ నెలలో ఇదే మాట చెప్పినవాళ్లలో నువ్వు మూడోదానివి."

బయటికి రాగానే చందన జయకృష్ణ సార్‌కి ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు. చివరికి, "నేనైతే చెప్పకూడదు గానీ, నొప్పి తెలియకుండా ఒక ఇంజెక్షన్ వేయించుకుంటే ఆ పది నిమిషాలు లాగెయ్యొచ్చు. లాగినవాళ్లున్నారు. తర్వాత వాళ్లేమయ్యారో నాకు తెలీదమ్మా" అన్నాడు.

రేపల్లె వచ్చేదాకా కిటికీ పక్కన కూర్చుని ఆ ఇంజెక్షన్ గురించే ఆలోచించింది. పది నిమిషాలు. ఆ తరవాత ఎనిమిది వారాలు కాదు, ఎనిమిది నెలలు పడుకున్నా పరవాలేదు. ఉద్యోగమంటూ వస్తే చాలు. తీర్మానించేసుకుంది.

మూడోరోజు పొద్దున స్నానాలగదిలోకి వెళ్లి గడియపెట్టి కుళాయి తిప్పింది. బకెట్ నిండింది, పొంగింది, నీళ్లు తూములోకి పోతూనే ఉన్నాయి. బయట ధనమ్మ తలుపు తట్టింది.

"ఎంతసేపే? ట్యాంకంతా నీ ఒక్కదానికేనా?"

"వస్తున్నా."

"గంట నుంచీ వస్తూనే ఉన్నావు. తియ్యి తలుపు."

చందన తలుపు తీసింది. ధనమ్మ చూసింది. పొంగిపోతున్న బకెట్, పొడిగా ఉన్న తువ్వాలు, పొడి జుట్టు. ఒంటిమీది చొక్కా మాత్రం చెమటకి పిండుకునేంత తడిసిపోయి ఉంది. ఎడమకాలు నేలకి ఆనించకుండా గోడ పట్టుకుని నిలబడింది. ఇప్పటిదాకా నీళ్ల చప్పుడు మాటున నిలబడ్డచోటే పరిగెత్తింది, అదీ గంటసేపు.

ధనమ్మ లోపలికొచ్చి కుళాయి కట్టేసింది. ఉన్నట్టుండి ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో తన ఊపిరి తనకే వినిపించింది చందనకి. ఇక్కడ స్టాప్‌వాచ్ లేదు, సార్ లేడు, ఉద్యోగం ఇచ్చేవాడూ లేడు. అయినా ఆపలేదు. మరి ఇన్నాళ్లూ ఎవరి కోసం పరిగెత్తినట్టు?

"నాయనమ్మా" అంది. "ఉద్యోగం కోసం కాదే ఇది. ఆగడం నాకు రావట్లా."

ధనమ్మ పొడి తువ్వాలు తీసి మనవరాలి మొహం తుడిచి, తన భుజం ఆసరా ఇచ్చి మంచం దాకా నడిపించింది. ఆదిలక్ష్మి వేడన్నం, పప్పు, నెయ్యి కలిపి తెచ్చింది. చందన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక చాలాసేపు కూర్చుంది. తల్లి కంచం పట్టుకుని అక్కడే కూర్చుంది.

ఈవెంట్స్ రోజు తెల్లవారుజామున చందన స్టేషన్‌కి నడిచి వెళ్లింది, మెల్లగా, కాలికి కట్టుతో, కర్ర పట్టుకుని. హాల్‌టికెట్ సంచిలోనే ఉంది, ఎందుకు తెచ్చుకుందో తనకే తెలీదు. తన చేతి వాచీ తీసి సాయి సుధ మణికట్టుకి కట్టింది.

"నువ్వుంటే నా పక్కన పరిగెత్తేదానివి" అంది సుధ కిటికీలోంచి.

"నువ్వు పరిగెత్తు. చివరి రౌండ్‌లో చేతులు బిగబట్టకు."

బండి కదిలింది. రేపల్లె ఆ లైనుకి చివరి స్టేషను, అక్కణ్ణించి ఏ బండి కదిలినా వెనక్కే. బండి వెనక ఎరుపు దీపం కనపడనంత దూరం పోయేదాకా చూసి, సంచిలోంచి హాల్‌టికెట్ తీసి మడిచి, మళ్లీ సంచిలోనే పెట్టుకుని ఇంటికొచ్చింది. సాయంత్రం సుధ ఫోన్ చేసి పాసయ్యానని చెప్తే, ఫోను పెట్టేశాక ఏడ్చింది.

తరవాత నెలలు తేలిగ్గా గడవలేదు. కట్టు తీశాక కూడా పొద్దున్నే మెలకువ వచ్చేసేది, కాళ్లు మంచం దిగేసేవి. అలాంటప్పుడు ధనమ్మ పక్కమంచం మీంచి, "ఎక్కడికే?" అనేది. "ఎక్కడికీ లేదు" అని పడుకునేది. ఒకటి రెండుసార్లు అబద్ధమాడి వీధి చివరిదాకా పరిగెత్తింది కూడా. వచ్చి తనే చెప్పేసింది. తర్వాతి నోటిఫికేషన్ ఎప్పుడో ఎవరికీ తెలీదు.

మే నెలలో కొత్త ఆవకాయ పెట్టారు. మూడోనాడు జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి తిరగకలిపారు. ఆ మర్నాడు భోజనాల వేళకి ధనమ్మ చిన్న గిన్నె చందన వైపు జరిపింది.

చందన గిన్నె అందుకోలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"నాయనమ్మా, నువ్వు తియ్యవా" అంది.

వంటింట్లో ఆదిలక్ష్మి వెనక్కి తిరిగింది. ధనమ్మ కాసేపు మనవరాలి వంకే చూసింది. అరవై ఏళ్లుగా ఆ ఇంట్లో కొత్త జాడీ దగ్గరికి ఆ మూడు రోజుల్లో ఎవరినీ రానిచ్చింది లేదు. లేవబోయి, మోకాలి మీద చేయి వేసి, మళ్లీ కూర్చుండిపోయింది.

"నువ్వే తీసుకురా" అంది. "పాడైతే పాడవనీ."